కాలేజీ బయట ఇంటర్ ఎకనామిక్స్

తెలుగు నేల మీద దూరవిద్య చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా 1982 దగ్గర మొదలుపెడతారు. ఆ ఏడాది ఆగస్టులో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి మూడేళ్లు తిరిగేసరికి ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపకులపతి అయ్యారు. 1991లో ఇక్కడి విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇదంతా గర్వపడాల్సిన చరిత్రే. అయితే పదో తరగతికీ డిగ్రీకీ మధ్య ఉన్న రెండేళ్ల సంగతి ఇందులో ఎక్కడా కనిపించదు. కాలేజీకి వెళ్లలేనివాళ్లకు రాష్ట్రం ఇంటర్ పరీక్ష పెట్టింది కానీ చాలాకాలం పాఠం చెప్పలేదు. ఆ లోటు అందరికంటే ఎక్కువగా తగిలింది ఎకనామిక్స్ చదివినవాళ్లకేనని నా వాదన.

1969లో ఏడాది పి.యు.సి. పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. అంతకు ముందే, 1968లో, పి.వి. నరసింహారావు చొరవతో మొదలైన తెలుగు అకాడమీ ఇంటర్ పాఠ్యపుస్తకాలను తెలుగులోకి తెచ్చింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఆ పుస్తకాలు చేసిన మేలు ఎంత చెప్పినా తక్కువే. కానీ అవి తరగతి గదిలో లెక్చరర్ ఉంటాడన్న నమ్మకంతో రాసినవి. మరోపక్క, హాజరు మినహాయింపు తీసుకుని ‘ప్రైవేటుగా కట్టే’ పద్ధతి ఉంది. ప్రాక్టికల్స్ ఉన్న గ్రూపులకు అది కుదరదు కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ, సంసారం చూసుకుంటూ ఇంటర్ కట్టినవాళ్లు ఆర్ట్స్ గ్రూపుల వైపే వచ్చారు. హెచ్.ఇ.సి. తీసుకున్నా సి.ఇ.సి. తీసుకున్నా మధ్యలో ఎకనామిక్స్ ఉండనే ఉంటుంది. అలా, ఎవరూ తలపెట్టకుండానే, కాలేజీ మొహం చూడనివాళ్లందరికీ అది ఉమ్మడి సబ్జెక్టు అయింది. వాళ్లకు బోర్డు ఇచ్చింది హాల్ టికెట్టు, ప్రశ్నపత్రం. మిగతాదంతా బజారులో దొరికే గైడు చూసుకుంది.

ప్రయోగశాల అక్కర్లేదు కాబట్టి ఎకనామిక్స్ ఎవరికి వాళ్లు చదువుకోవచ్చన్నది అప్పటి అభిప్రాయం, ఇప్పటికీ చాలామంది అభిప్రాయం. నేను ఒప్పుకోను. చరిత్ర, పౌరశాస్త్రం పిల్లలు బడిలో ఎంతో కొంత చదివి వస్తారు. ఆర్థిక సిద్ధాంతం మాత్రం వాళ్లకు ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఎదురవుతుంది. ఆడమ్ స్మిత్, మార్షల్, రాబిన్స్ నిర్వచనాలు దాటగానే క్షీణోపాంత ప్రయోజన సూత్రం, డిమాండ్ సూత్రం, వ్యాకోచత్వం ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. డిమాండ్ రేఖనే తీసుకోండి. ధర మారితే డిమాండ్ మారుతుందని పుస్తకం చెబుతుంది. బడి లెక్కల్లో నేర్చుకున్న అలవాటు ప్రకారం కారణమైన ధర అడ్డంగా ఉన్న అక్షం మీద ఉండాలి. మార్షల్ నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ ప్రకారం అది నిలువు అక్షం మీద ఉంటుంది. లెక్చరర్ ఉంటే అర నిమిషంలో తీరిపోయే చిక్కు ఇది. ఒంటరిగా చదివేవాడు తనకే అర్థం కాలేదనుకుని బొమ్మను బట్టీ పడతాడు. ధర మారినప్పుడు అదే రేఖ మీద జరగడం వేరు, ఆదాయం పెరిగినప్పుడు రేఖే పక్కకు జరగడం వేరు. ఈ తేడా తెలియకపోతే ముందుకొచ్చే పాఠాలన్నీ కంఠస్థమే. గైడు చదివి పాసైనవాళ్లు లక్షణంగా లేరా అని అడగవచ్చు. ఉన్నారు, ఎందరో ఉన్నారు. గుమస్తాలుగా ఉన్నవాళ్లు పదోన్నతులు తెచ్చుకున్నారు, పెళ్లితో చదువు ఆగిన ఆడవాళ్లు డిగ్రీ దాకా వెళ్లారు. వాళ్ల పట్టుదలకు నమస్కారం పెట్టాల్సిందే. కానీ ఆ ఘనత వాళ్లది. వాళ్లను పుస్తకంతో ఒంటరిగా వదిలేసిన ఏర్పాటు దాన్ని తన ఖాతాలో వేసుకోకూడదు.

సార్వత్రిక విశ్వవిద్యాలయం ఈ సమస్యను మరో దారిలో పరిష్కరించింది. అంతకు పదేళ్ల ముందు, 1972లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. డిగ్రీని పోస్టులో ఇంటికి పంపినా, అక్కడ చేరాలంటే ముందు ఇంటర్ ఉండాలి. 1982లో ఆ గడపనే తీసేశారు. చదువు మధ్యలో ఆగిన వయోజనులు అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరవచ్చన్నారు. జీవితం నేర్పిన వివేకాన్ని అర్హతగా గుర్తించడం గొప్ప ప్రజాస్వామిక ఆలోచన, దాన్ని తగ్గించి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే గడప తీసినంత మాత్రాన గడప దగ్గర నేర్వాల్సింది నేర్చినట్టు కాదు. డిగ్రీ ఎకనామిక్స్ పుస్తకం విద్యార్థికి సూక్ష్మ సిద్ధాంతం కొంత వచ్చుననుకునే మొదలవుతుంది. ఆదివారం స్టడీ సెంటర్లో జరిగే తరగతులు, ఆకాశవాణి పాఠాలు ఆ వెలితిని కొంతవరకే పూడ్చగలవు. పైగా ఇంటర్ లేని డిగ్రీని చూపించినప్పుడు చదువు వరస సరిగా ఉందా అన్న ప్రశ్న కొన్ని ఉద్యోగాల దగ్గర ఎదురవుతూనే వచ్చింది. తెలివికి లోటు లేని మనిషి కాగితం దగ్గర సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం బాధాకరం.

ఆ రోజుల్లో ఇంతకంటే చేయగలిగేది లేదంటారా? ఢిల్లీ పాలనా యంత్రాంగం 1968లోనే పత్రాచార్ విద్యాలయం పెట్టి పాఠశాల స్థాయి చదువును పోస్టులో నడిపింది. 1979లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి ఓపెన్ స్కూల్ ప్రయోగం చేసింది, పదేళ్లకు అది జాతీయ సంస్థ అయింది. అంటే నమూనా కళ్లెదుటే ఉంది. తెలుగులో పాఠాలు రాయగలవాళ్లూ తెలుగు అకాడమీ చుట్టూ ఉన్నారు. కొరవడింది ఈ దశ నేర్పించదగినదన్న ఎరుక. ఇంటర్‌ను దాటాల్సిన గేటుగానే చూశారు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991లో వచ్చినా, ఇంటర్ కోర్సు 2010-11లో కానీ మొదలు కాలేదు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే సొసైటీ ఏర్పడింది.

ఓపెన్ ఇంటర్ అంటే చూచిరాతల చదువని తేలిగ్గా తీసిపారేసేవాళ్లున్నారు. పరీక్ష కేంద్రాల్లో అక్రమాలు బయటపడ్డ సందర్భాలున్న మాట నిజమే, వాటిని కప్పిపుచ్చడం తగదు. కానీ అది పరీక్ష నిర్వహణలోని జబ్బు, పాఠం రాసే పద్ధతిది కాదు. ఒంటరి పాఠకుణ్ణి ఎదుట కూర్చోబెట్టుకుని రాసే పాఠానికి దాని విలువ దానికుంది. మధ్యమధ్య ప్రశ్న అడిగి, జవాబు చివర్లో ఇచ్చి, సెలవు రోజు కాంటాక్ట్ క్లాసులో సందేహం తీర్చే ఈ పద్ధతి ప్రైవేటుగా కట్టిన తరాలకు అందలేదు. దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లవచ్చు. పొదుపు సంఘంలో ఉన్న మహిళ వడ్డీని నూటికి నెలకు రెండు రూపాయలని లెక్కిస్తుంది. పుస్తకం ఏడాదికి ఇంత శాతమంటుంది. నూటికి రెండు అంటే చక్రవడ్డీ కలపకపోయినా ఏడాదికి 24 శాతమని మొదటి పేజీలోనే చూపించి, అక్కడి నుంచి బ్యాంకుల పాఠంలోకి తీసుకెళ్లే పుస్తకం ఆమెకు కావాలి. కోతల కాలంలో ధాన్యం ధర ఎందుకు పడుతుందో రైతుకు అనుభవంలో తెలుసు. సప్లయి పాఠం ఆ అనుభవంతోనే మొదలు కావచ్చు. రెండో సంవత్సరంలో వచ్చే భారత ఆర్థిక వ్యవస్థ పాఠాలకు మరో జాగ్రత్త కావాలి. ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరిలో నీతి ఆయోగ్ వచ్చింది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు కాలేజీలో లెక్చరర్ నోటిమాటగా సరిదిద్దుతాడు. ఇంట్లో చదువుకునే మనిషికి ఆ పని అచ్చయిన పేజీయే చేయాలి, కాబట్టి ఓపెన్ స్కూల్ పుస్తకాలను కాలేజీ పుస్తకాలకంటే ముందుగా, వాటికంటే తరచుగా తిరగరాయించాలి.