దూలముపై దూలము

మా బడికప్పున నొక దూలము వంగగా, దానిక్రింద మఱియొకటి చేర్చిరి. ఇక భయము లేదని యందఱు ననుకొనిరి. మాకు మాత్రము సందేహము తీఱలేదు.

సమానములైన రెండు దూలములను ఊరక పేర్చినచో భారమును చెఱిసగము మోయును. ఒకే కలప, ఒకే వెడల్పు గలిగి, ఒకటి రెండింతల లోతు గలదైనచో, తొమ్మిదింట ఎనిమిది పాళ్లు దానిపైననే పడును. కలిసి వంగవలసినచోట బిఱుసైనదే బరువు మోయును. కుటుంబములలోను నింతియే గదా!

సమానములైన యా రెంటిని జాఱకుండ బంధించితిమా, వంపు నాలుగవ వంతునకు దిగును, బలము రెట్టింపగును. ఏలయన, విడిగా వంగునపుడు పైదాని యడుగు సాగును, క్రిందిదాని నెత్తి కుదియును. అందుచే నొకదానిపై నొకటి జాఱును. కొసలు చూచినచో నిది కంటికే తెలియును.

దూలపు బలము లోతు యొక్క వర్గమును బట్టి పెరుగునని గెలీలియో 1638లో సరిగనే చెప్పెను. లోపలి సాగుడు కుదింపుల విషయమున మాత్రము పొరబడెను. ఈ జాఱుడును లెక్కకు దెచ్చినవాడు రష్యాదేశపు జురావ్‌స్కీ. 1842లో చదువు ముగించిన యాతనికి సెయింట్ పీటర్స్‌బర్గు–మాస్కో రైలుమార్గమున కొయ్యవంతెనల పని తటస్థించెను. కొయ్య నారవెంబడి సులభముగా చీలును గావున నిడుపు జాఱుడే అపాయకరమని గ్రహించి, పేర్పుదూలముల నడుమ దిగవేయు గట్టికొయ్య ముక్కలపై నెంత యొత్తిడి పడునో గణించెను. భారము సమముగా పరచియున్నచో నా యొత్తిడి కొసలయొద్దనే హెచ్చు. ఆ మార్గము 1851లో తెఱవబడెను.

మా బడి దూలముల నడుమ చీల యొక్కటియు లేదు. వాని క్రిందనే మూడవ తరగతి పిల్లలు కూర్చుందురు. వడ్రంగిని రేపు రమ్మంటిమి.