పిల్లల మాట విన్న పెద్దలు: పర్లాకిమిడి నుంచి మద్రాసు దాకా

పిల్లల పెంపకానికి కూడా చరిత్ర ఉంటుందా అని విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. రాజ్యాలకూ యుద్ధాలకూ ఉన్నట్టు దీనికి శాసనాలు లేవు, నిజమే. కాని పిల్లవాణ్ని ఏమని పిలిచారు, ఏ మాటతో భయపెట్టారు, ఏ మాటతో బుజ్జగించారు, వాడు నోరు విప్పినప్పుడు విన్నారా, నవ్వారా అన్నవన్నీ కాలాన్నిబట్టి మారుతూ వచ్చిన విషయాలే. మారేదానికి చరిత్ర ఉండక తప్పదు.

పిల్లలు సంతోషంగా, ధైర్యంగా, నిబ్బరమైన మనసుతో పెరగాలంటే ముందుగా వారి మాటను పెద్దలు వినాలన్న ఎరుక తెలుగువారిలో ఎట్లా బలపడిందో ఈ వ్యాసంలో పరిశీలిస్తాము. ఈ చరిత్రలోని ముఖ్య ఘట్టాలు కొన్ని నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దులకు వెలుపల, పర్లాకిమిడిలోనూ మద్రాసులోనూ జరిగాయి. బరంపురంలోనో, హోసూరులోనో, బళ్లారిలోనో, యానాంలోనో పెరిగిన మీకు ఇది పరాయి చరిత్ర కాదు.

ముందుగా మన పాత పద్ధతిని గూర్చి రెండు మాటలు చెప్పుకోవాలి. తెలుగు ఇంట్లో పసిపిల్లలకు దొరికే లాలన తక్కువది కాదు. జోలపాటలు, లాలిపాటలు, ఉగ్గుపాలనాటి ముచ్చట్లు, వేళ్లు లెక్కపెట్టించే ఆటలు, గోరుముద్దలు తినిపిస్తూ చందమామను చూపించడం, ఇవన్నీ ఆ సంపదలోవే. పిల్లల మనోభావాలకు మన భాష పెట్టిన పేర్లు చూడండి. అలక, మారాం, పేచీ, గునుపు, బెంగ, దిగులు, ఇట్లా ప్రతి ఒక్కటీ వేరు. అలిగిన పిల్ల ఎవరైనా వచ్చి బతిమాలాలని ఎదురుచూస్తూ ఉంటుంది. బెంగ పెట్టుకున్న పిల్లకు బతిమాలడం పనికిరాదు, ఎవరికోసం బెంగపడిందో ఆ మనిషి కనబడాలి. ఈ తేడా తెలిసిన అమ్మమ్మ వైద్యుడికంటే ముందే జబ్బు గుర్తుపట్టేది.

అయితే ఆ లాలన చాలావరకు ఇంటి గడప దగ్గరే ఆగిపోయేది. అయిదో ఏట వీధిబడిలో వేశాక పిల్లవాడికి తెలిసేది బెత్తం. దూలానికి కట్టిన తాడు పట్టుకొని వేలాడే కోదండం, గోడకుర్చీ, తొడపాశం అన్నవి శిక్షల పేర్లుగా మన భాషలో నిలిచిపోయాయంటే అవి ఎంత మామూలు విషయాలో ఊహించవచ్చు. ఆనాటి పంతుళ్లందరూ కఠినులని మా ఉద్దేశం కాదు. భయం లేనిదే చదువు రాదని తల్లిదండ్రులూ నమ్మారు, పంతులూ నమ్మాడు. మన దేశంలో బడిలో కొట్టడాన్నీ మనసు నొప్పించే వేధింపునూ స్పష్టంగా నిషేధించిన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిందన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ నమ్మకం ఎంత లోతైనదో తెలుస్తుంది.

దెబ్బ కంటే ఎక్కువకాలం నిలిచే శిక్ష మరొకటి ఉంది. పిల్లవాడికి రాని భాషలో పాఠం చెప్పి, రాలేదని తప్పుపట్టడం. దీన్ని గుర్తించినవారిలో ప్రథమగణ్యులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండలలో ఉండే సవరల భాష తెలుగుకూ ఒరియాకూ సంబంధించినది కాదు, ముండా కుటుంబానికి చెందినది. సవర పిల్లవాడు బడికి వస్తే అక్కడ వినిపించేవి రెండూ పరాయి భాషలే. పంతులుగారు సవరలకు తెలుగు నేర్పడంతో మొదలుపెట్టలేదు. తామే సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధంచేశారు. తమ ఖర్చుతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించిన ఆయన సవర భాషా గ్రంథం నేటికీ ముండా భాషల అధ్యయనంలో ప్రామాణికంగా నిలిచి ఉంది. కొండల్లో తిరగడంవల్ల వచ్చిన జ్వరాలకు క్వినైన్ వాడి వాడి ఆయనకు చెవుడు వచ్చిందని జీవితచరిత్రకారులు రాశారు.

పంతులుగారి వ్యావహారిక భాషోద్యమం అందరికీ విదితమే. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో యేట్స్ అనే పాఠశాలల పర్యవేక్షకుడు బడిలో చెప్పే తెలుగుకూ ప్రజలు మాట్లాడే తెలుగుకూ ఇంత దూరం ఎందుకుందని ప్రశ్నించడం ఈ ఉద్యమానికి ఒక కారణమయింది. సాధారణంగా దీన్ని పండితుల మధ్య జరిగిన వాదంగా చెబుతారు. పిల్లల వైపునుంచి చూస్తే మరొక సంగతి కనబడుతుంది. ఇంట్లో తల్లి నేర్పిన మాట బడిలో తప్పయితే, ఆ పిల్లవాడు నేర్చుకునే మొదటి పాఠం వ్యాకరణం కాదు, సిగ్గు. సవర పిల్లవాడి విషయంలో పంతులుగారు చూసినది, తెలుగు పిల్లవాడి విషయంలోనూ చూశారని మా అభిప్రాయం. రెండు కృషులకూ మూలం ఒక్కటే.

ఇక్కడ తెలుగువారమైన మనం కాస్త ఆగి ఆలోచించవలసి ఉంది. పరాయి భాషలమధ్య మన భాష నలిగిపోతున్నదని మనం తరచు బాధపడతాం. కాని ఆ కొండ బడిలో సవర బిడ్డను మూగవాణ్ని చేసిన పరాయి భాషల్లో తెలుగు కూడా ఒకటి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమండ్రికి తరలిపోయారు. తెలుగుకోసం అంతగా పట్టుబట్టిన ఆ మనిషే సవర పిల్లలమీద తెలుగు రుద్దకూడదన్నారు. తన భాషమీద ప్రేమ, పరభాషలో పెరిగే బిడ్డపట్ల గౌరవం ఒకేచోట ఉండగలవని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఇక మద్రాసు సంగతి. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమయింది. ఆ తొలి సంవత్సరాలలోనే తెలుగు పిల్లల కార్యక్రమానికి ఊపిరి పోసినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. రాఘవరావుగారు 1905లో బరంపురంలో పుట్టారు. ఆ దంపతులకు సంతానం లేదు. అయినా ఒక తరం తెలుగు పిల్లలందరికీ వారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. 1945 ఆగస్టులో ‘బాల’ పత్రికను వెలువరించారు. రాష్ట్రావతరణ తరవాత హైదరాబాదు చేరి అక్కడా ఆ కృషిని కొనసాగించారు. అక్కయ్యగారు 1980లోనూ, అన్నయ్యగారు 1984లోనూ కీర్తిశేషులయ్యారు.

వారు ఎంచుకున్న ఆ పిలుపులను భాషాశాస్త్ర విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. మాష్టారు, పంతులమ్మ, మామయ్య, అత్తయ్య అనే పిలుపులు ఉండనే ఉన్నాయి. వాటిని కాదని అన్నయ్య, అక్కయ్య అన్నవి తీసుకున్నారు. తెలుగు కుటుంబంలో తండ్రి దగ్గర భయం, భక్తి రెండూ ఉంటాయి. అన్న దగ్గర అట్లా కాదు. ఆయన పెద్దవాడే, మందలించే హక్కూ ఉంది. కాని నాన్నకు చెప్పలేనిది అన్నకు చెప్పుకోవచ్చు. అన్నయ్య అన్న ఆ ఒక్క పిలుపుతో క్రమశిక్షణ పోకుండానే భయం పోయింది. ఆ కార్యక్రమంలో పిల్లలు వినేవారుగా మాత్రమే మిగిలిపోలేదు. పాటలు, నాటికలు, కథలు వారి నోటనే వినిపించేవి. తన గొంతు ఊరంతా వింటున్నదని తెలిసిన బిడ్డకు కలిగే ధైర్యం ఎవరో వచ్చి ‘ధైర్యంగా ఉండు’ అని చెబితే వచ్చేది కాదు.

ఈ కృషికి పరిమితులు లేకపోలేదు. ఆనాడు రేడియో ఉన్న ఇళ్లు బహు కొద్ది, దానికి లైసెన్సు రుసుము కట్టాలి. మైకు ముందుకు రాగలిగిన పిల్లలు ఎక్కువగా పట్నంలోని చదువుకున్న కుటుంబాలవారే అయి ఉంటారు. రేవుల్లో, మిల్లుల్లో పనిచేసిన తెలుగు కూలీల బిడ్డలదాకా ఆ మైకు పోయి ఉండదు. ఈ లోటు చెప్పుకోకపోతే చరిత్ర పూర్తికాదు.

‘బాల’ పత్రిక కూడా ఆ పద్ధతిలోనే నడిచింది. పిల్లలకోసం పెద్దలు రాసినవే కాక, పిల్లలు రాసినవీ గీసినవీ అచ్చువేసింది. ముళ్లపూడి వెంకటరమణగారి తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ 1945లో అందులోనే వచ్చింది. అప్పటికి ఆయన వయసు పద్నాలుగేళ్లు. బాపుగారి బొమ్మలు కూడా ఆ పత్రికలో తొలినాళ్లలోనే అచ్చయ్యాయి. 1950ల రెండో సగంలో, అప్పట్లో మద్రాసునుంచే వెలువడుతున్న ఆంధ్రపత్రిక వారపత్రికలో వెంకటరమణగారి ‘బుడుగు’ వచ్చింది. పెద్దల లోకాన్ని ఒక పిల్లవాడు తన సొంత మాటల్లో, తన ఫిర్యాదులతో సహా చెప్పుకుపోయే రచన అది. తెలుగు గద్యంలో పిల్లవాడికి అంతటి అధికారం అంతకు ముందు దొరకలేదు. పద్నాలుగో ఏట తన మాట అచ్చులో చూసుకున్నందువల్లనే ఆయన అది రాయగలిగారని రుజువు చేయలేము. ఆ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం విద్యార్థులకు మేలుచేస్తుంది.

ఈ విషయాన్ని ఇప్పుడు చర్చించవలసిన అవసరమేమిటి? భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించాలని చెప్పే 350ఎ అధికరణాన్ని 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చారు. మరోవైపు రాష్ట్రాలు తమ భాష అందరికీ రావాలని కోరుతున్నాయి. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం తమిళం ఒకటో తరగతినుంచి దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశమయింది. ఈ చట్టాల మంచిచెడ్డలు మరొక వ్యాసానికి తగిన విషయం. ఇరుగుపొరుగు భాష రావడం పిల్లలకు మేలేకాని కీడు కాదు. రెండు మూడు భాషల మధ్య పెరగడం మన కుటుంబాలకు తరతరాలుగా అలవాటే. కీడు జరిగేది, ఒక భాష నేర్పడంకోసం మరొక భాషను చిన్నబుచ్చినప్పుడు.

ఆ చిన్నబుచ్చడం ఎప్పుడూ పరాయివారే చేస్తారని అనుకోవద్దు. కృష్ణా, గుంటూరు ప్రాంతాలనుంచి వచ్చిన చుట్టం సరిహద్దు ఊళ్లోని పిల్లవాడు ‘వచ్చినాడు’ అంటే నవ్వుతాడు. ‘వచ్చాడు’ అన్నది కుదించుకుపోయిన రూపం, ‘వచ్చినాడు’ అన్నది దానికంటే పాతది, నిండైనది. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ, దక్షిణాన తమిళదేశంలోని తెలుగు కుటుంబాలలోనూ ఈ రూపం వినిపిస్తుంది. అది తప్పు కాదు, మన భాషాచరిత్రకు సాక్ష్యం. ఈ సంగతి తెలియని పెద్దల నవ్వుకు పిల్లవాడు ఆ మాటను దాచుకుంటాడు. క్రమంగా ఇంట్లో కూడా మాట తగ్గిస్తాడు. తరవాత ఎప్పుడో బడిలో తనకు కష్టం కలిగినప్పుడు, ‘బెంగగా ఉంది’ అని చెప్పుకోవడానికి అమ్మ నేర్పిన మాట నోటికి రాదు. బడి నేర్పిన భాషలో దానికి సరైన మాట ఇంకా దొరకదు. బిడ్డ ఉలకడు, పలకడు. పెద్దలు దాన్ని బుద్ధిమంతనం అనుకుంటారు.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తున్నాము. మీ ఇళ్లలోని ముసలివారి దగ్గర కూర్చొని పిల్లలను పిలిచే ముద్దుపేర్లు, బుజ్జగించే మాటలు, భయపెట్టే మాటలు, తిట్లు, అలకకూ దిగులుకూ వారు వాడే పదాలు రాసుకోండి. ఒరియా, తమిళం, కన్నడం, మరాఠీ మాటలు కలిసి ఉంటే వాటిని తీసివేయకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. బెదిరించే మాటలు ఎన్ని, ఊరడించే మాటలు ఎన్ని అన్నదీ లెక్క చూడండి. ఊరి పేరు, చెప్పినవారి వయసు, వారి కుటుంబం ఎన్ని తరాలుగా అక్కడ ఉన్నదో తప్పక నమోదు చేయండి. మా పీఠానికి పంపితే భద్రపరుస్తాము.

ఈ పని చేసేటప్పుడు ఇంట్లోని చిన్నపిల్లలు వచ్చి మధ్యలో ఏదో చెప్పబోతారు. అప్పుడు కలం పక్కనపెట్టి, వారు చెప్పేది పూర్తిగా వినండి. ఆ మాటలను కూడా రాసుకోండి.