పందెపు పడవల పాఠశాల

ఒక విశ్వవిద్యాలయంలో పడవ పందేల సంఘం నడవాలంటే ఏమేమి కావాలి? నీరు, పడవ, తెడ్లు ఉంటే చాలునని పైకి తోచవచ్చు. కాని కొత్తవారు ఒకే లయలో తెడ్డు వేయడం నేర్చుకొనే చోటు ఉండాలి. సున్నితమైన పడవలను ఎండవానల నుంచి కాపాడే కొట్టం ఉండాలి. అన్నిటికి మించి, పడవను చేయగల పనివాడు ఉండాలి. అమెరికా వాయవ్య తీరంలో, సియాటిల్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఈ మూడింటిని ఎట్లా సమకూర్చుకొన్నదో తెలుసుకోవడం ఉపయోగకరం.

ముందుగా పడవను గురించి కొంత చెప్పవలసి ఉన్నది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు 1829లో మొదటిసారి పందెం వేసుకొన్నప్పటి పడవలు బరువైనవి, వెడల్పైనవి. సామాన్యమైన పడవలో తెడ్డు పడవ అంచుమీదనే ఆనుతుంది. తెడ్డు తులాదండం వంటిది. ఆనుకొనే చోటుకు ఇవతల తగినంత పొడవు లేకపోతే లాగేవాడి బలం చాలదు. ఆ పొడవు కావాలంటే పడవను వెడల్పు చేయాలి. వెడల్పు చేస్తే నీటి నిరోధం పెరుగుతుంది. ఈ చిక్కును విడదీసే ఉపాయం, పడవ పక్కల నుంచి బయటికి ఇనుప చేతులు అమర్చి వాటి కొనలమీద తెడ్లు ఆనించడం. ఇంగ్లండులో న్యూకాసిల్‌కు చెందిన హెన్రీ క్లాస్పర్ 1840 దశకంలో దీనిని బాగుచేసి ప్రచారంలోకి తెచ్చాడు. 1846 నాటికి విశ్వవిద్యాలయాల పందెంలోనూ ఇవి కనిపించినవి. 1873లో అదే పందెంలో జారుడు పీటలు వచ్చినవి. పీట ముందువెనుకలకు జరుగుతుంది కనుక చేతులు, నడుములతోపాటు కాళ్ళలోని పెద్ద కండరాలు కూడా పూర్తిగా పనిచేస్తాయి.

క్లాస్పర్ టైన్ నదిమీద పనిచేసి బ్రతికిన శ్రామికుడు. ఆయన వంటివారి నేర్పుతో తయారైన పడవల్లో కులీనుల బిడ్డలు పందేలు గెలిచారు. కాని కూలికి పనిచేసే చేతిపనివారు, శ్రామికులు ఔత్సాహిక క్రీడాకారులు కారని హెన్లీ పందేల నిర్వాహకులు 1879లో నియమం పెట్టారు. పడవ చేయవచ్చు, పందెంలో దిగరాదు! ఈ నియమం 1937 వరకు తొలగిపోలేదు.

వాషింగ్టన్‌లో పరిస్థితి వేరు. 1907లో శిక్షకుడైన హైరమ్ కోనిబేర్‌కు మొదట తెడ్డు వేయడమే తెలియదు. తెడ్డు లాగేటప్పుడు శరీరం ఎట్లా కదులుతుందో గ్రహించడానికి ఆయన ఒక మానవ అస్థిపంజరాన్ని పీటమీద కూర్చోబెట్టి పరిశీలించాడని చెబుతారు. మంచి పడవలకోసం వెదకుతూ, ఇంగ్లండు నుంచి కెనడాకు వలస వచ్చిన జార్జి పోకాక్, డిక్ పోకాక్ అనే సోదరులను 1912లో కలుసుకొన్నాడు. వారి తండ్రి ఈటన్ పాఠశాలలో పడవలు చేసేవాడు. సోదరులు సియాటిల్‌కు తరలివచ్చారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బోయింగ్ కర్మాగారంలో సముద్ర విమానాల తేలుడు దుంగలు చేశారు.

ఆ యుద్ధమే సంఘానికి కొట్టాన్ని కూడా ఇచ్చినది. 1918లో నౌకాదళం విశ్వవిద్యాలయ ఆవరణలో సముద్ర విమానాలకోసం ఒక పెద్ద కొయ్యశాల కట్టించినది. యుద్ధం ముగిసిన తరువాత అది పడవల కొట్టమైనది. 1922 చివర జార్జి పోకాక్ తిరిగి వచ్చి అక్కడ పని మొదలుపెట్టాడు. మేడమీది గదిలో ఆయన పని, కింద విద్యార్థుల సాధన. కొత్తవారిని సన్నని పడవ ఎక్కించేవారు కారు. పదహారు మంది కూర్చొనే వెడల్పైన బల్లకట్టు ఒకటి ఉండేది. నడుమ దారిలో శిక్షకుడు తిరుగుతూ ఒక్కొక్కరి తప్పు దిద్దేవాడు.

అంతకుముందు పడవల పైపొరకు స్పానిష్ సెడారు కలప వాడేవారు. 1927లో పోకాక్ స్థానికంగా దొరికే ఎర్ర సెడారును ప్రయత్నించాడు. సుమారు 4 మిల్లీమీటర్ల మందం గల పలకలను ఆవిరితో మెత్తబరచి చట్రంమీద వంచేవాడు. ఆ కలప తేలిక, నునుపు, తేమకు కుళ్ళదు.

అట్లాంటి పడవ ‘హస్కీ క్లిప్పర్’. 1936 ఆగస్టు 14న బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో వాషింగ్టన్ విద్యార్థులు దీనిమీద 2,000 మీటర్లను 6 నిమిషాల 25.4 సెకండ్లలో ముగించారు. రెండవదైన ఇటలీకి పట్టినది 6 నిమిషాల 26 సెకండ్లు. విజేతలలో కొందరు సెలవుల్లో కూలిపని చేసి చదువుకొన్నవారు. హెన్లీలో ఆనాటికి పాత నియమం ఇంకా అమలులోనే ఉన్నది.

1949లో కోనిబేర్ పేర కొత్త కొట్టం వెలసినది. తరువాత కొయ్య స్థానంలో కర్బన తంతువులు వచ్చినవి. నేలమీద సాధన కొత్తది కాదు. క్రీస్తుపూర్వం 260 ప్రాంతంలో రోమనులు ఒడ్డున బల్లలు వేసి తెడ్డుగాండ్రకు శిక్షణ ఇచ్చారు. 1981లో అమెరికాలో డ్రైసిగేకర్ సోదరులు సైకిలు చక్రంతో చేసిన యంత్రం ఆ సాధనను కొలతకు లోబరచినది. చక్రానికి తగిలించిన రెక్కలు గాలిని కోస్తాయి. ఎంత జోరుగా లాగితే గాలి అంత ఎదురుతిరుగుతుంది. నీటిలోనూ ఇంచుమించు ఇంతే. వేగం పదోవంతు పెంచాలంటే శక్తి సుమారు మూడోవంతు పెంచాలి. అర సెకండు తేడాతో గెలవడం ఎంత కష్టమో దీనినిబట్టి ఊహించవచ్చు.

1997లో అమెరికా విశ్వవిద్యాలయాల మొదటి జాతీయ మహిళా పడవ పందేలలో వాషింగ్టన్ విద్యార్థినులే గెలిచారు. ‘హస్కీ క్లిప్పర్’ను ఇప్పుడు కోనిబేర్ కొట్టంలో పైకప్పుకు వేలాడదీసి ఉంచారు. దానిని నడిపినవారి చేతులూ, చేసినవాని చేతులూ కష్టం ఎరిగినవే.