బళ్లారి సీమలో సినిమా ప్రచారం: తడికల బండి నుంచి కటౌటు దాకా

బళ్లారిలో సినిమా ప్రచారానికి దారి వేసింది నాటకాలు. ఊళ్లోకి టాకీసు రాకముందే, పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే, ధర్మవరం రామకృష్ణమాచార్యులు స్థాపించిన సరసవినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు నడిపిన సుమనోరమ సభ పోటాపోటీగా నాటకాలు ఆడాయి. పోటీ ఉన్నచోట జనాన్ని తమవైపు లాక్కోవలసిన అవసరం తప్పదు. ఊరూరా తిరిగే నాటక కంపెనీలు కరపత్రాలు అచ్చువేయించి పంచేవి, బండిమీద మేళంతో వీధులు తిరిగేవి, పందిరి ముందు పెద్ద దీపాలు వెలిగించేవి. సురభి సమాజాలు అటు కడప వైపు నుంచి, గుబ్బి వీరణ్ణ కంపెనీ ఇటు మైసూరు సీమ నుంచి వచ్చి ఈ ప్రాంతపు ప్రేక్షకులకు తెలిసినవే. 1934లో గుబ్బి కంపెనీ ‘కురుక్షేత్ర’ నాటకంలో ఏనుగులనూ గుర్రాలనూ ఏకంగా రంగస్థలం మీదికే ఎక్కించింది. ఏనుగు కనిపించే నాటకానికి వేరే ప్రకటన అక్కర్లేదు. తర్వాతి కాలంలో సినిమావాళ్లు చేసిన హంగామాకు మూలం ఈ నాటకాల వాళ్ల దగ్గరే ఉంది.

మూకీల రోజుల్లో ప్రచారమంటే ప్రధానంగా చప్పుడు. తెరమీది బొమ్మ మాట్లాడదు కాబట్టి హాలు బయట బ్యాండు మోగాలి. తిరుచిరాపల్లిలో రైల్వే గుమాస్తాగా పనిచేసిన స్వామికన్ను విన్సెంట్ 1905లో ప్రొజెక్టరు కొనుక్కుని డేరా సినిమాతో దక్షిణాది తిరగడం మొదలుపెట్టాడు. మద్రాసులో ఫొటోగ్రాఫరైన రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోను అనే ప్రదర్శన యంత్రాన్ని తెప్పించి ఊళ్లు తిరిగి, ఆ తర్వాత గెయిటీ థియేటరు కట్టించాడు. అప్పట్లో సినిమా కథ కంటే యంత్రమే పెద్ద వింత కనుక ప్రకటనల్లోనూ దానిదే పెద్దపీట. దాదాసాహెబ్ ఫాల్కే కూడా 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను నాటకాలకు అలవాటుపడ్డ ఊళ్లకు తీసుకువెళ్లినప్పుడు 57,000 ఫొటోలు, రెండు మైళ్ల పొడవున్న బొమ్మ, మూడణాలకే అని చాటించాడు. హరిశ్చంద్రుడి సత్యవ్రతం జనానికి ముందే తెలుసు. రెండు మైళ్ల బొమ్మ మాత్రం ఎవరూ ఎరగనిది.

టాకీలు రాగానే బళ్లారికి సొంత తార దొరికాడు. బళ్లారి రాఘవ (1880–1946) న్యాయవాది, అప్పటికే దేశమంతా పేరున్న నటుడు. ఆయన దుర్యోధనుడిగా నటించిన ‘ద్రౌపదీ మానసంరక్షణము’, దానికి పోటీగా తీసిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’ రెండూ 1936లోనే విడుదలయ్యాయి. ఒకే కథ రెండు చిత్రాలుగా వచ్చినప్పుడు తారల పేర్లే ప్రచారానికి ఆధారం. అంత పేరున్నా రాఘవ చిత్రం పోటీలో ఓడిపోయింది. నాటకరంగపు కీర్తి ఒక్కటే సినిమా టికెట్లు అమ్మలేదని అప్పుడే తేలింది. ఆ రోజుల్లో అసలైన సంచలనం గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ది. అంటరానితనం మీద 1938లో తీసిన ఆ చిత్రానికి ఛాందస బ్రాహ్మణులకు ఉచిత ప్రవేశమని కరపత్రాలు వేశారు. వస్తే గెలిచినట్టు, రాకపోతే ఊరంతా దానిమీదే చర్చ. తెలుగునాట సినిమా ప్రచారంలో ఇంతకంటే తెలివైన ఎత్తుగడ మరొకటి కనిపించదు. రామబ్రహ్మమే మరుసటి ఏడు రాఘవతో తీసిన ‘రైతుబిడ్డ’ జమీందార్ల కోపానికి గురై నిషేధాన్ని ఎదుర్కొంది. ఆ గొడవతో సినిమా చూడనివాళ్లకు కూడా దాని పేరు తెలిసింది.

హాల్లో అమ్మే పాటల పుస్తకం ఈ కాలపు మరో ప్రచార సాధనం. పలచని కాగితం మీద పాటలన్నీ, తారల జాబితా, ఒకటి రెండు పేజీల కథ వేసేవారు. కథను సరిగ్గా చిక్కుముడి దగ్గర ఆపి, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. సినిమా చూసినవాడు ఇంటికి తీసుకువెళ్లిన పుస్తకం చూడనివాడి చేతిలో పడేది. పాటలు చదివినవాడు రాగం తెలుసుకోవడానికైనా టికెట్టు కొనేవాడు.

అయితే ఊరికీ సినిమాకూ మధ్య నిజమైన వారధి తడికల బండి. జట్కా మీదో ఎడ్లబండి మీదో వెదురు తడికలను గూడు కప్పులా రెండు వైపులా వాలుగా కట్టి, వాటికి వాల్‌పోస్టర్లు అతికించేవారు. ముందు డప్పో బ్యాండో ఉండేది. 1950ల తర్వాత ఆ స్థానంలో బ్యాటరీతో నడిచే మైకు, గొట్టం స్పీకరు వచ్చాయి. లోపల కూర్చున్న మనిషి ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల కరపత్రాలు గుప్పిళ్లతో విసిరేవాడు. వెనక పిల్లల పరుగు. కరపత్రం మీద పైన థియేటరు పేరు, మధ్యలో సినిమా పేరు, దాని చుట్టూ ఆశ్చర్యార్థకాలు, కింద ‘నేడే విడుదల’, ‘రోజూ 3 ఆటలు’, అట్టడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు ఉండేవి. అచ్చువేసిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాలన్న 1867 నాటి చట్టం పుణ్యమా అని, ఇవాళ అలాంటి కాగితం దొరికితే ఏ ఊళ్లో అచ్చయిందో ఇట్టే చెప్పవచ్చు.

మైకు మనిషి చదువుకున్నవాడు కానక్కర్లేదు, గొంతు ఉంటే చాలు. ‘మహాజనులారా’ అని మొదలుపెట్టి, తారల పేర్లు ఒక్కొక్కటే సాగదీసి, ఫైటింగులెన్నో పాటలెన్నో లెక్కచెప్పి, ‘చూడండి, చూసి ఆనందించండి’ అని ముగించేవాడు. మధ్యలో ఆ సినిమా పాట రికార్డు వేసేవాడు. బళ్లారి చుట్టుపక్కల ఈ గొంతుకు మిగతా తెలుగు జిల్లాల్లో లేని ప్రాముఖ్యం ఉండేది. దానికి కారణం 1953 అక్టోబరు 1న గీసిన సరిహద్దు.

మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న పాత బళ్లారి జిల్లాను ఆ రోజు రెండు ముక్కలు చేశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి వెళ్లాయి. బళ్లారి పట్టణంతో సహా తక్కిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. పట్టణం ఎటు చెందాలన్న వివాదాన్ని మిశ్రా కమిషన్ విచారించాక అది మైసూరుకే ఖాయమైంది. బడిలో చదువు క్రమంగా కన్నడానికి మారింది గానీ ఇంట్లో మాట మారలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదువుకున్న తరం ఒకటి తయారైంది. ఆ తరానికి తెలుగు పోస్టరు మీద అక్షరాల కంటే బొమ్మ త్వరగా అర్థమయ్యేది, బొమ్మకంటే మైకు ఇంకా త్వరగా. అందుకే ఇక్కడ తెలుగు సినిమా పేరును పోస్టరు మీద కన్నడ లిపిలో రాయడం పరిపాటి అయింది. మైకు మనిషి ఒకే ఊపిరిలో రెండు భాషలూ కలిపేవాడు. బళ్లారిలోని కౌల్‌బజార్ లాంటి చోట్ల ఉర్దూ మాటలు కూడా కలవాల్సిందే. సరిహద్దు జిల్లాలో సినిమా ప్రచారం చెవి మీద ఆధారపడి నడిచిందనడం అతిశయోక్తి కాదు.

రాష్ట్రాలు గీసుకున్న గీతను సినిమా వ్యాపారం పట్టించుకోలేదు. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన జిల్లాలకు ‘సీడెడ్’ అన్న పేరు పడింది. పాలనలో ఆ పేరు ఎప్పుడో పోయినా తెలుగు సినిమా పంపిణీదారుల లెక్కల్లో అది ఇప్పటికీ రాయలసీమ ఏరియా పేరే. తెలుగు చిత్రాల మటుకు బళ్లారి కూడా ఆ వరసలోనే నడిచింది. కొత్త సినిమా ఆదోనిలోనో గుంతకల్లులోనో విడుదలైనప్పుడు బళ్లారి ప్రేక్షకుడు తానూ ఆ రోజే చూడాలనుకునేవాడు. దీనికి తోడు తుంగభద్ర కాలువల కింద భూములు కొని కోస్తా జిల్లాల రైతులు శిరుగుప్ప, సింధనూరు, గంగావతి వైపు క్యాంపులు కట్టుకున్నారు. టూరింగు టాకీసులకు ఇది తయారుగా ఉన్న ప్రేక్షకవర్గం. డేరా మీద కట్టిన గొట్టం స్పీకర్లో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుని పాట వినిపిస్తే టికెట్లు ఇవ్వబోతున్నారని లెక్క. పొలంలో ఉన్నవాళ్లకు అదే గడియారం. ఈ ఆనవాయితీ తెలుగు పల్లెల్లోనే కాక కన్నడ పల్లెల డేరాల్లోనూ సాగింది.

గోడమీది పోస్టరుకు వేరే లోకం ఉంది. నిర్మాత మద్రాసులో డిజైను చేయిస్తే పోస్టర్లు శివకాశిలో అచ్చయ్యేవి. ఒక్క కాగితమైతే సింగిల్ షీటు, ఆరు కలిపితే సిక్స్ షీటు, ఇరవై నాలుగు కలిపితే కూడళ్లలోని పెద్ద బోర్డుకు సరిపోయేది. ముక్కలు ముక్కలుగా వచ్చిన ఇరవై నాలుగు షీట్లను కింద నుంచి పైకి అతికించేటప్పుడు హీరో ముక్కు ఒక షీటులో, మూతి మరో షీటులో వస్తుంది. అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా ముఖం వంకరపోతుంది. అతికించేది మైదాపిండి జిగురుతో. పురుగు పట్టకుండా, పశువులు నాకకుండా అందులో మైలతుత్తం కలిపేవారు. అయినా తెల్లారేసరికి మేకలు నమిలిన పోస్టర్లు కనిపించేవి. పోస్టర్లు అతికించే పని రాత్రి రెండో ఆట వదిలాక మొదలయ్యేది. ఒక సైకిలు, ఒక నిచ్చెన, ఒక బకెట్టు, ఇద్దరు మనుషులు చాలు. పోటీ సినిమా పోస్టరు మీద తమ పోస్టరు వేశారని తెల్లవారుజామున తగాదాలు పడటం ఏ ఊళ్లోనైనా మామూలే. ఈ కాగితాలకు రూపమిచ్చిన కళాకారుల్లో ఈశ్వర్ ఒకరు. ‘సాక్షి’ (1967)తో మొదలుపెట్టి దశాబ్దాల పాటు తెలుగు చిత్రాలకు ప్రచార రూపశిల్పిగా ఉన్న ఆయన, తర్వాత ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకమే రాశారు. డిజైనరు పేరు పోస్టరు మూలన చిన్న సంతకంగానైనా మిగిలింది. నిచ్చెన ఎక్కి అతికించినవాడి పేరు ఎక్కడా లేదు.

విడుదల రోజు ప్రదర్శన థియేటరు దగ్గరికి మారేది. ఇక్కడ అభిమానులదే ప్రధాన పాత్ర. ప్రింటు డబ్బాలను స్టేషన్లోనో బస్టాండులోనో దించుకుని, పూలదండలు వేసి, డప్పులతో థియేటరు దాకా ఊరేగించేవారు. ఇందులో ఏ నిర్మాత ఖర్చూ లేదు. బొంబాయిలో ఇదే పనిని డబ్బు పోసి చేశారు. 1960 ఆగస్టులో ‘మొఘల్-ఎ-ఆజమ్’ రీళ్లు అలంకరించిన ఏనుగు మీద మరాఠా మందిర్ థియేటరుకు చేరాయి. రాయలసీమ, బళ్లారి వైపు థియేటర్లకు ‘స్టార్లు’ కట్టడం మరో ఆనవాయితీ. వెదురు బద్దలతో నక్షత్రం ఆకారం కట్టి, రంగు కాగితాలు అంటించి, నడుమ హీరో ఫొటో పెట్టి, చుట్టూ అభిమాన సంఘం పేరు రాసి, ప్రవేశద్వారం మీద వరసగా వేలాడదీస్తారు. ఎవరి స్టారు పెద్దది, ఎవరిది నడుమ ఉంది అన్నది సంఘాల మధ్య పరువు సమస్య. కొన్నిసార్లు సినిమా ఫలితం కంటే దీనికే ఎక్కువ పట్టింపు. కన్నడ దేశంలోనూ ఇదే అలవాటు ఉండటంతో బళ్లారి థియేటర్ల ముందు ఒక వారం రాజ్‌కుమార్ స్టార్లు, మరో వారం ఎన్టీఆర్ స్టార్లు వేలాడటంలో వింతేమీ లేదు.

అమెరికాలో ఇలాంటి హంగామా జీతగాళ్ల పని. 1920లో టార్జాన్ చిత్రం కోసం హారీ రైకెన్‌బాక్ అనే ప్రచారకర్త న్యూయార్కు హోటల్లో ‘టి.ఆర్.జాన్’ పేరుతో ఒక మనిషికి గది ఇప్పించి, పెట్టెలో సింహాన్ని పైకి చేర్పించి పత్రికలకెక్కాడు. 1958లో విలియం కాజిల్ తన సినిమా చూస్తూ భయంతో చచ్చిపోతే వెయ్యి డాలర్లు ఇస్తానని ప్రేక్షకులకు బీమా చేయించాడు. ఈ పద్ధతిలో ప్రేక్షకుడు వేటగాడి వలలో పడే పిట్ట. తెలుగు, కన్నడ ఊళ్లలో మాత్రం ప్రేక్షకుడే సొంత డబ్బు పెట్టి ప్రచారం చేస్తాడు. చూడటానికి రెండూ ఒకటే అల్లరి, నడిపే చేతులు వేరు.

బళ్లారి వైపు ఈ ప్రచార వ్యవస్థ క్రమంగా ఒక్కొక్క అంగంగా విడిపోయింది. 1981లో కర్ణాటక బహిరంగ ప్రదేశాలను వికృతం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అనుమతి లేని గోడమీది పోస్టరు కాగితాల ప్రకారం నేరమైంది, గోడమీద మాత్రం చాలాకాలం బతికింది. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చి మైకుకు గంటలు నిర్ణయించాయి. ఫ్లెక్సీ ముద్రణ వచ్చాక గుడ్డమీద చేత్తో బ్యానర్లు రాసే పెయింటర్లకు పని పోయింది. వారం పట్టే పని కంప్యూటరు ఒక రాత్రిలో చేసి, ధర కూడా తక్కువ చెప్పింది. డిజిటల్ ప్రదర్శన రావడంతో రీళ్ల డబ్బా లేదు, దానితో ఊరేగింపూ లేదు. తడికల బండి ఆటోగా మారింది, అందులో మనిషి గొంతు బదులు ముందే రికార్డు చేసిన గొంతు చేరింది. సినిమా కబుర్లు ఫోనులో ముందే అందుతున్నప్పుడు ఆటో కూడా ఎక్కువగా సర్కసులకూ చీరల డిస్కౌంటు సేల్సుకూ మిగిలింది.

మిగిలినదల్లా ఎత్తు. కటౌటు ఎంత పైకి లేస్తే అంత అభిమానం. 2016లో కర్ణాటక ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధించినా పుట్టినరోజులకూ విడుదలలకూ అవి లేస్తూనే ఉన్నాయి. 2024 జనవరిలో నటుడు యశ్ పుట్టినరోజుకు గదగ్ జిల్లా సూరణగిలో రాత్రిపూట కటౌటు నిలబెడుతూ కరెంటు తీగ తగిలి ముగ్గురు అభిమానులు చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 29న విజయవాడలో ‘గేమ్ ఛేంజర్’ కోసం 256 అడుగుల కటౌటు ఆవిష్కరించారు.