వైట్‌హౌస్ డాక్టరుగారి 2000 వోల్టుల మందు

ఇంజినీరింగులో కన్వల్యూషనంటే మాకు "తిప్పు, జరుపు, గుణించు, కూడు". ఎందుకు తిప్పాలని అడిగితే "పరీక్షలో రాదులే" అన్నారు. ఉద్యోగంలో చేరాక అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కథ చదివితే గానీ అర్థం కాలేదు.

1858 ఆగస్టులో ఐర్లాండ్ నుంచి న్యూఫౌండ్‌లాండ్‌కి సముద్రం అడుగున కేబుల్ వేశారు. విక్టోరియా రాణి 98 మాటల సందేశం చేరడానికి దాదాపు 16 గంటలు! ఇటు చిన్న పల్సు కొడితే అటు మెల్లగా లేచి, పొడుగాటి తోకతో వాలేది. అదే ఇంపల్స్ రెస్పాన్సు (ఆ పేరు అప్పటికి లేదనుకోండి). ఏ క్షణంలోనైనా అవతల అందేది పాత పల్సుల తోకలన్నిటి మొత్తం. ఎప్పుడో పంపినదాని తోక చివర, ఇప్పుడే పంపినదాని మొదలు. తిప్పడమంటే ఇదన్నమాట.

ఈ ఆలస్యం పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుందని విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్) 1855లోనే లెక్కగట్టాడు. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ ఒప్పుకోలేదు. ఈయన అసలు సర్జను లెండి. సిగ్నల్ అందకపోతే వోల్టేజీ పెంచడమే ఆయన మందు, సుమారు 2000 వోల్టులు ఎక్కించాడు. లీనియర్ సిస్టమ్‌లో ఇన్‌పుట్ పదింతలైతే తోకా పదింతలవుతుంది కదండీ, ఆకారం మారదు. అసలే లోపాలున్న కేబుల్, నెల తిరక్కుండా మూగబోయింది.

థామ్సన్ మాత్రం తక్కువ కరెంటునే చదవగలిగే అద్దం గాల్వనోమీటరు తయారుచేసుకున్నాడు. 1866లో వేసిన కేబుల్‌కి అదే వాడారు.