మౌఖిక పరీక్షలో న్యాయం: సుప్రీంకోర్టు తీర్పుల చారిత్రక పరిశీలన

రాతపరీక్షకు జవాబుపత్రం సాక్ష్యంగా మిగులుతుంది. మౌఖిక పరీక్షకు మిగిలేది మార్కు ఒక్కటే. ఈ లోటును దృష్టిలో ఉంచుకొని భారత సుప్రీంకోర్టు వివిధ సందర్భాలలో ఏర్పరచిన సూత్రాలను, వాటి నేటి ప్రాసంగికతను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఈ చర్చలో ముఖ్యమైన మలుపు 1980 నవంబరులో వెలువడిన అజయ్ హాసియా తీర్పు. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాలలో రాతపరీక్షకు 100, ఇంటర్వ్యూకు 50 మార్కులు ఉండేవి. ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలే మాట్లాడారని, అడిగినవి తల్లిదండ్రులు, నివాసాలకు సంబంధించిన ప్రశ్నలేనని అభ్యర్థులు ఆరోపించారు. అటువంటి ప్రవేశాలలో ఇంటర్వ్యూకు 15 శాతానికి మించి మార్కులు కేటాయించడం నిర్హేతుకమని న్యాయస్థానం పేర్కొన్నది. సంభాషణను టేపులో నమోదు చేయడం వాంఛనీయమని కూడా సూచించింది.

అయితే 1981లో లీలాధర్ కేసులో తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి ఒక భేదాన్ని స్పష్టం చేశారు. విద్యార్థి వ్యక్తిత్వం ఇంకా రూపుదిద్దుకుంటూ ఉంటుంది. ఉద్యోగార్థి వ్యక్తిత్వం పరిణతి చెంది ఉంటుంది. అందువల్ల రాజస్థాన్ మున్సిఫుల ఎంపికలో ఇంటర్వ్యూకు ఇచ్చిన 25 శాతం చెల్లుతుందని తీర్పు వెలువడింది.

హర్యానా సివిల్ సర్వీసు నియామకాలపై 1985లో వచ్చిన అశోక్ కుమార్ యాదవ్ తీర్పు సాధారణ అభ్యర్థుల విషయంలో 12.2 శాతాన్ని పరిమితిగా నిర్ణయించింది. పోస్టుల సంఖ్యకు రెండు, మహా అయితే మూడు రెట్ల మందినే పిలవాలని, బంధువు అభ్యర్థిగా వచ్చినప్పుడు సభ్యుడు ఆ ఇంటర్వ్యూ నుండి తప్పుకోవాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ జిల్లా న్యాయమూర్తుల ఎంపికకు సంబంధించిన మంజుశ్రీ కేసులో (2008), ఇంటర్వ్యూలు ముగిసిన తరువాత కనీస మార్కుల నిబంధన తేవడం చెల్లదని తేల్చింది.

ఈ పరంపరలో శాతాలకే ఎక్కువ ప్రచారం లభించింది. కానీ 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యుల ఎంపికలో విద్యార్హతల మార్కులు వడపోతకే పరిమితం. తుది ఎంపిక ఇంటర్వ్యూ పైననే ఆధారపడుతుంది. అక్కడ శాతాల కంచె రక్షణ ఇవ్వలేదు. తగినంత సమయం, విషయానికి సంబంధించిన ప్రశ్నలు, బంధుత్వ దూరం, ముందే ప్రకటించిన నియమం, సంభాషణ నమోదు అనే మిగిలిన సూత్రాలే అభ్యర్థికి ఆధారం. పరిశోధకుని ఏళ్ల కృషిని కొద్ది నిమిషాలలో తూచే ఎంపిక సంఘాలకు ఇవి మర్యాదలు కావు, న్యాయానికి కనీస షరతులు.