గృహ కంప్యూటరులో బోయింక్ స్థాపన - సమస్యలు, పరిష్కారాలు

బోయింక్ అనునది ఇళ్ళలోని కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని శాస్త్ర పరిశోధనకు అందించే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఒక పెద్ద లెక్కను వేలాది చిన్న భాగాలుగా విడదీసి, వేర్వేరు ప్రాంతాల్లోని కంప్యూటర్లకు పంచి, వచ్చిన ఫలితాలను తిరిగి ఒకచోట కూర్చే పద్ధతిని పంపిణీ గణనం అంటారు. పొలం పెద్దదైనపుడు ఒక్కడే నాట్లు వేయక కూలీల ముఠాకు గట్ల వారీగా పని పంచినట్లే ఇక్కడ కూడా పని పంచబడుతుంది. ఈ సాఫ్టువేరును స్థాపించుట సులభమే అయినా, స్థాపించిన తరువాత అది పని చేయకపోవుట, మధ్యలో ఆగిపోవుట, కంప్యూటరు వేడెక్కుట వంటి సమస్యలు తరచుగా ఎదురవుతాయి. కృష్ణా జిల్లా పామర్రు వంటి డెల్టా ప్రాంతపు ఊళ్ళలో విద్యుత్తు, వేసవి ఎండ, సముద్రపు తేమ కూడా ఈ సమస్యలకు తోడవుతాయి. ఆ సమస్యలను, వాటి పరిష్కార క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

చరిత్ర

ప్రధాన సంఖ్యలను వెదికే గింప్స్ ప్రాజెక్టు 1996లో, రహస్య సంకేతాలను ఛేదించే పోటీలలో పాల్గొన్న డిస్ట్రిబ్యూటెడ్.నెట్ 1997లో మొదలయినాయి. సామాన్య ప్రజలకు ఈ పద్ధతిని పరిచయం చేసినది మాత్రం సెటీ@హోమ్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ వారు 1999 మే 17న దీనిని ప్రారంభించారు. పోర్టోరికోలోని అరెసిబో రేడియో దూరదర్శిని గ్రహించిన సంకేతాలలో గ్రహాంతర జీవుల జాడ వెదకుట దీని లక్ష్యం. 50 లక్షలకు పైగా ప్రజలు ఇందులో పాల్గొన్నారు. 2020 మార్చి 31 తరువాత ఈ ప్రాజెక్టు కొత్త పనిని పంపుట నిలిపివేసినది. అరెసిబో దూరదర్శిని 2020 డిసెంబరు 1న కూలిపోయినది.

సెటీ@హోమ్ అనుభవంతో డేవిడ్ ఆండర్సన్ నాయకత్వంలో బర్కిలీలోనే బోయింక్ రూపొందినది. ఒకే సాఫ్టువేరుతో అనేక ప్రాజెక్టులకు పని చేసే వీలు కల్పించుట దీని ప్రత్యేకత. సెటీ@హోమ్ 2004లో బోయింక్‌పైకి మారినది. ఐన్‌స్టీన్@హోమ్ 2005లో ఆరంభమై, 2010లో స్వచ్ఛంద సేవకుల కంప్యూటర్ల సహాయంతో ఒక కొత్త పల్సారును కనుగొన్నది. 2005లోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన రోసెట్టా@హోమ్ ప్రోటీన్ల ఆకృతులను లెక్కిస్తుంది. ఆ పరిశోధనాలయానికి నాయకుడైన డేవిడ్ బేకర్ 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. 2000లో స్టాన్‌ఫర్డులో మొదలైన ఫోల్డింగ్@హోమ్ మాత్రం బోయింక్‌ను వాడదు. దానికి స్వంత సాఫ్టువేరు కలదు.

వాతావరణ నమూనాలను నడిపే క్లైమేట్‌ప్రెడిక్షన్.నెట్ 2003లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం నుండి మొదలైనది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చవిచూచిన డెల్టా వాసులకు ఈ ప్రాజెక్టు విషయం దగ్గరిది. అయితే ఇది రేపటి తుఫానును చెప్పేది కాదు. దీర్ఘకాలిక వాతావరణ మార్పులను, తీవ్ర వాతావరణ ఘటనల సంభావ్యతను అధ్యయనం చేసేది.

పని చేసే విధానం

బోయింక్‌లో రెండు ముఖ్య భాగాలు ఉన్నాయి. మొదటిది క్లయింటు. ఇది తెర వెనుక ఉండి సర్వరు నుండి పనిని తెచ్చి, లెక్క చేయించి, ఫలితాన్ని పంపుతుంది. రెండవది మేనేజరు. ఇది వాడుకరికి కనిపించే కిటికీ మాత్రమే. మేనేజరును మూసివేసినా క్లయింటు పని చేస్తూ ఉండవచ్చు. ఈ తేడా తెలియకపోవుట వలననే చాలా సమస్యలు అర్థం కావు.

సర్వరు పంపిన ప్రతి పనికీ ఒక గడువు ఉంటుంది. గడువులోగా ఫలితం చేరకపోతే అదే పని మరొక కంప్యూటరుకు పంపబడుతుంది. చాలా ప్రాజెక్టులలో ఒకే పనిని ఇద్దరికి ఇచ్చి, ఇద్దరి ఫలితాలు సరిపోలినపుడే అంగీకరిస్తారు. కనుక ఒక ఇంటిలోని కంప్యూటరు తప్పు ఫలితం పంపితే శాస్త్రానికి నేరుగా హాని కలుగదు గాని, ఆ ఇంటివారి విద్యుత్తు, మరొకరి కాలం వృథా అవుతాయి.

స్థాపనకు ముందు

స్థాపనకు ముందు ఈ క్రింది విషయాలు సరిచూడవలెను.

1. కంప్యూటరు తేదీ, సమయం సరిగా ఉండవలెను.
2. నిర్వాహక వ్యవస్థ 32 బిట్లదో 64 బిట్లదో తెలుసుకొని, తగిన ప్రతిని బోయింక్ అధికారిక వెబ్‌సైటు నుండి మాత్రమే దించుకొనవలెను.
3. హార్డు డిస్కులో కొన్ని గిగాబైట్ల ఖాళీ ఉండవలెను.
4. కంప్యూటరు తమది కానిచో యజమాని అనుమతి పొందవలెను. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కళాశాల కంప్యూటర్లలో అనుమతి లేకుండా ఇటువంటి సాఫ్టువేరును పెట్టిన ఒక ఉద్యోగిపై నేరారోపణ జరిగి, 2002లో రాజీతో ముగిసినది. పాఠశాల, కార్యాలయ కంప్యూటర్ల విషయంలో ఇది గుర్తుంచుకొనదగినది.

మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించినది. అంతకంటే పాత వ్యవస్థలు ఉన్న కంప్యూటర్లలో లినక్సును స్థాపించి బోయింక్ నడుపుట ఒక మార్గం.

మొదట చూడవలసినది: ఘటనల చిట్టా

ఏ సమస్య వచ్చినా సాఫ్టువేరును తొలగించి మళ్ళీ స్థాపించుట చాలామంది చేసే మొదటి పని. ఇది సరి కాదు. తొలగించినా బోయింక్ దత్తాంశాల ఫోల్డరు అలాగే మిగులుతుంది కనుక లోపం అందులో ఉంటే మళ్ళీ అదే తలెత్తుతుంది. మేనేజరులోని టూల్స్ జాబితాలో ఈవెంట్ లాగ్ అనే చిట్టా ఉంటుంది. క్లయింటు ఏమి చేయుచున్నదో, ఎందుకు ఆగినదో అందులో వరుసగా వ్రాయబడి ఉంటుంది. రోగ నిర్ణయానికి నాడి ఎట్టిదో బోయింక్‌కు ఈ చిట్టా అట్టిది.

సాధారణ సమస్యలు

మేనేజరు క్లయింటును కలవలేకపోవుట: మేనేజరు తెరచినపుడు "అనుసంధానం లేదు" అనే అర్థం వచ్చే సందేశం కనిపిస్తే, క్లయింటు నడవకపోవుట గాని, ఫైర్‌వాల్ అడ్డుకొనుట గాని కారణం. ఈ రెండు భాగాలు ఒకే కంప్యూటరులో ఉన్నా 31416 సంఖ్య గల పోర్టు ద్వారా మాట్లాడుకుంటాయి. టాస్క్ మేనేజరులో క్లయింటు ఉన్నదో లేదో మొదట చూడవలెను. ఉన్నచో ఫైర్‌వాల్‌లో బోయింక్‌కు అనుమతి ఇవ్వవలెను. లినక్సులో అయితే వాడుకరి పేరు బోయింక్ సమూహంలో చేరి ఉండకపోవుట సాధారణ కారణం. చేర్చిన తరువాత ఒకసారి బయటికి వచ్చి తిరిగి ప్రవేశించవలెను.

మరొక ప్రతి నడుస్తున్నదని చెప్పుట: ఒకే దత్తాంశాల ఫోల్డరును రెండు క్లయింట్లు వాడకుండా బోయింక్ అందులో ఒక తాళపు ఫైలును ఉంచుతుంది. ముందు నుండే ఒక క్లయింటు నడుస్తుంటే ఈ సందేశం వస్తుంది. కంప్యూటరును పునఃప్రారంభించిన పిదప సాధారణంగా సమస్య తీరుతుంది.

తేదీ తప్పుట వలన అనుసంధానం విఫలమగుట: పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డుపై ఉండే నాణెం వంటి బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఏదో పాత సంవత్సరానికి వెళ్ళిపోతుంది. ప్రాజెక్టు సర్వరు చూపే భద్రతా ధ్రువపత్రం అప్పుడు చెల్లనిదిగా కనిపించి, అనుసంధానం తిరస్కరించబడుతుంది. చాలామంది ఇంటర్నెట్ లోపమని భ్రమించి మోడెము మార్చుతారు. సీఆర్2032 అనే బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే చాలును. తేదీ సరిగానే ఉండి ఇదే సందేశం వస్తే బోయింక్ పాత వెర్షను కావచ్చు. దానితో వచ్చిన ధ్రువపత్రాల జాబితా పాతబడి ఉంటుంది. కొత్త వెర్షను స్థాపించవలెను.

పని రాకపోవుట: "పని లేదు" అనే సందేశం ఎల్లప్పుడూ లోపాన్ని సూచించదు. ఆ సమయంలో ప్రాజెక్టు వద్ద పంచవలసిన పని లేకపోవచ్చు. పదే పదే అడుగకుండా క్లయింటు తనంతట తానే విరామాన్ని పెంచుకుంటూ పోతుంది. రెండవ ప్రాజెక్టులో కూడా చేరి ఉండుట దీనికి మంచి ఉపాయం. డిస్కు పరిమితి చాలనందున పని రాకపోతే ఆ సంగతి చిట్టాలో కనిపిస్తుంది.

పని వచ్చినా ఆగి ఉండుట: కంప్యూటరు వాడుకలో ఉన్నపుడు, ఇతర ప్రోగ్రాములు ప్రాసెసరును ఎక్కువగా వాడుతున్నపుడు, బ్యాటరీపై నడుస్తున్నపుడు ఆగునట్లు బోయింక్‌లో అమరికలు ఉంటాయి. ఇవి లోపాలు కావు, రక్షణలు.

యాంటీవైరస్ అడ్డుకొనుట: ప్రాజెక్టు ప్రోగ్రాములు ప్రాసెసరును నూరు శాతం వాడుట చూచి కొన్ని యాంటీవైరస్‌లు వాటిని అనుమానించి తొలగిస్తాయి. అప్పుడు పనులన్నీ వరుసగా "గణన దోషం"తో ముగుస్తాయి. బోయింక్‌ను అధికారిక స్థలం నుండే తెచ్చినామని నిర్ధారించుకొన్న తరువాత, దత్తాంశాల ఫోల్డరును తనిఖీ నుండి మినహాయించవచ్చును. విండోస్‌లో ఇది సీ డ్రైవులోని ప్రోగ్రామ్‌డేటా అనే దాచిన ఫోల్డరులో ఉంటుంది.

గ్రాఫిక్స్ కార్డును గుర్తించకపోవుట: విండోస్‌లో బోయింక్‌ను సర్వీసుగా స్థాపిస్తే గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయదు. ఆ ఎంపిక లేకుండా తిరిగి స్థాపించవలెను. డ్రైవరును కార్డు తయారీదారు నుండి తెచ్చుకొనుట మేలు.

వర్చువల్‌బాక్స్ కోరే ప్రాజెక్టులు: ఎల్‌హెచ్‌సీ@హోమ్‌లోని కొన్ని పనులకు వర్చువల్‌బాక్స్ అవసరం. అది ఉన్నా పని రాకపోతే, బయోస్‌లో వర్చువలైజేషన్ సౌకర్యం ఆపివేయబడి ఉన్నదేమో చూడవలెను.

డెల్టా ప్రాంతపు ప్రత్యేక పరిస్థితులు

పామర్రు విజయవాడ - మచిలీపట్నం రహదారిపై, గుడివాడ దారి విడిపోయే కూడలిలో ఉన్నది. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు సేవ 2005 జనవరిలో ప్రారంభమగుటకు ముందు ఇళ్ళలో ఇంటర్నెట్ అంటే ప్రధానంగా సెకనుకు 56 కిలోబిట్ల డయలప్ మాత్రమే. ఆ రోజులకు బోయింక్ బాగా తగినది. పని దించుకొనుటకు, ఫలితం పంపుటకు మాత్రమే లైను కావలెను. లెక్క జరిగే గంటలలో ఫోను ఖాళీగానే ఉండేది. ఈనాడు కూడా పరిమిత డేటా గలవారు నెట్‌వర్కు అమరికలలో పరిమాణాన్ని, వేళలను నిర్ణయించుకొనవచ్చును.

విద్యుత్తు అంతరాయం: బోయింక్ పనులు మధ్యమధ్య తాము చేరిన స్థానాన్ని డిస్కుపై వ్రాసుకుంటాయి. కరెంటు పోయినపుడు చివరి గుర్తు నుండి తిరిగి మొదలవుతాయి. గుర్తులు దూరదూరంగా ఉండే ప్రాజెక్టులలో గంటల శ్రమ పోవచ్చు. రోజుల తరబడి సాగే వాతావరణ నమూనాలకు ఇది పెద్ద నష్టం. కరెంటు తరచుగా పోయే చోట చిన్న పనులు ఇచ్చే ప్రాజెక్టును ఎన్నుకొనుట వివేకం.

యూపీఎస్, ఇన్వర్టరు: యూఎస్‌బీ తీగతో కలిపిన యూపీఎస్‌ను విండోస్ బ్యాటరీగా గుర్తిస్తే, కరెంటు పోగానే బోయింక్ ఆగుతుంది. ఇంటి ఇన్వర్టరు సంగతి వేరు. కరెంటు పోయినట్లు కంప్యూటరుకు తెలియదు. అది పూర్తి వేగంతో లెక్కలు చేస్తూనే ఉంటుంది. ఫ్యాను, దీపాల కోసం దాచిన బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అట్టి ఇళ్ళలో కోతలు లేని వేళలకు మాత్రమే బోయింక్‌ను పరిమితం చేయవలెను.

వేడి, తేమ: మే నెలలో ఈ ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట కద్దు. ప్రాసెసరు నిరంతరం శ్రమించినపుడు వేడి పెరిగి కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోవచ్చు, తప్పు ఫలితాలు రావచ్చు. దుమ్ము పట్టిన ఫ్యానును శుభ్రపరచుట మొదటి చికిత్స. తరువాత అమరికలలో ప్రాసెసర్ల వాడుకను 100 శాతం నుండి 50 శాతానికి తగ్గించవలెను. ల్యాప్‌టాపును పరుపుపై ఉంచి బోయింక్ నడుపరాదు.

పిడుగులు: ఉరుములతో కూడిన వానలప్పుడు విద్యుత్ ప్లగ్గునే గాక ఫోను తీగను కూడా మోడెము నుండి తీసివేయవలెను.

ఖర్చు

బోయింక్ ఉచితమే గాని విద్యుత్తు ఉచితం కాదు. కంప్యూటరు 100 వాట్లు వాడుతుందనుకుంటే రోజంతా నడిపినచో 2.4 యూనిట్లు, 30 రోజులకు 72 యూనిట్లు అవుతాయి. రాత్రి 8 గంటలు మాత్రమే నడిపితే నెలకు 24 యూనిట్లు. యూనిట్లు పెరిగే కొద్దీ ధర పెరిగే శ్లాబు పద్ధతిలో ఈ అదనపు యూనిట్లు పై శ్లాబు ధరకు లెక్కింపబడవచ్చు. కనుక ఇంటిలో బిల్లు చెల్లించేవారికి ముందుగా చెప్పి నడుపుట ఉచితం.

తొలగించుట

బోయింక్‌ను తొలగించదలచినపుడు ముందుగా ప్రతి ప్రాజెక్టుకు "కొత్త పని వద్దు" అనే ఎంపిక చేయవలెను. చేతిలోని పనులు ముగిసి ఫలితాలు సర్వరుకు చేరిన తరువాత సాఫ్టువేరును తొలగించి, మిగిలిన దత్తాంశాల ఫోల్డరును చేతితో చెరిపివేయవలెను. పనిని సగంలో వదలివేస్తే గడువు తీరేవరకు ఆ పని కోసం సర్వరు వేచి ఉండవలసి వస్తుంది. పూర్తి చేయలేని పనిని అబార్ట్ అనే మీట ద్వారా తిరిగి ఇచ్చివేస్తే, అది వెంటనే మరొకరికి అందుతుంది.